పార్వతి గీసిన క్లోరోఫిల్ బి

శుక్రవారం, బరంపురం

పాత రికార్డులు సర్దుతుంటే పార్వతి గీసిన క్లోరోఫిల్ బి నిర్మాణం కనబడింది. ఆ పిల్ల ఆల్డిహైడ్ పెట్టిన చోట మిథైల్ ఉండాలని ఎర్రసిరాతో కొట్టేసింది నేనే. మిథైల్ ఉండేది క్లోరోఫిల్ ఎ లో. తను గీసిందే సరైనది. పైగా క్లాసులో అందరి ముందూ తిట్టాను. ఆ వారమే కాలేజీ మానేసింది.

సాయంత్రం పార్వతి వాళ్ల ఊరు రామయ్యపట్నం వెళ్లాను. వాళ్లమ్మ ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది.

"నాకు సదువు రాదమ్మా అని ఏడిసి, సూరత్ మిల్లుకి ఎల్లిపోనాది," అంది.

"తప్పు నాదమ్మా. పార్వతి సరిగ్గానే గీసింది."

"మీరు తప్పు సేత్తారేటి మేడమ్? దాని రాతే అంత."

ఎంత చెప్పినా నమ్మలేదు. కూతురికి పాఠం చెప్పానని, వచ్చేటప్పుడు ఎండుచేపల పొట్లం నా చేతిలో పెట్టింది.