సొలొమోను మాటకు గుర్రాల సాక్ష్యం

ఆగస్టు 3, ఆదివారం

ఈ రోజు ఆరాధనలో నేను చెప్పిన వాక్యం గుర్రప్పందేల మీద. గొంతు పోయేదాకా గర్జించాను. ముందు వరసలో ఇందిరమ్మ రెండుసార్లు ఏడ్చింది. వెనక బెంచీలో మా చెల్లెలు యశోద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భర్త జీవన్ కుమార్ తల వంచుకుని కూర్చున్నాడు. పశ్చాత్తాపం అనుకున్నాను. దగ్గరకు వెళ్ళి చూస్తే ఒళ్ళో ఫోను, ఫోనులో హైదరాబాదు గుర్రాలు.

పోయిన వేసవిలో ఈ గుర్రాల వల్లే యశోద కుట్టు మిషను అమ్ముడుపోయింది. ఇక మిగిలింది ఆటో ఒక్కటే. మార్కాపురానికీ త్రిపురాంతకానికీ మధ్య అది తిరిగితేనే వాళ్ళింట్లో అన్నం ఉడుకుతుంది.

మందిరం బయట పట్టుకున్నాను.

"ఏంది బామ్మర్దీ, ఆటోను కూడా గుర్రాలకు మేపేస్తావా?"

"నేను గుడ్డిగా కాయట్లా బావా. లెక్క ఉంది. గేటు తెరవంగానే ఏది ముందుకు దూకుతాదో, చానాసార్లు అదే గెలుస్తాది. పాత పందేలు చూసి అట్లాంటిదాన్ని పట్టుకోవాల, అంతే."

"వేగంగా ఉరికినోనిదే గెలుపు కాదని బైబిల్లో సొలొమోను రాజు ఎప్పుడో చెప్పినాడు."

"ఆయన హైదరాబాదు వచ్చి చూసినాడా?"

ఒళ్ళు మండింది. నలభై వేల గుర్రపుశాలలున్న మహారాజుకు గుర్రాలు తెలియవని ఒక ఆటో డ్రైవరు అంటాడా?

యశోద సాక్షిగా అక్కడే ఒప్పందం. ఇరవై ఒకటో తారీఖున గిద్దలూరులో నేను వాక్యం చెప్పే సభ దాకా జీవన్ పందెం కాయడు. ప్రతి పందేనికీ ముందే, తొలి వేగం ఎక్కువున్న గుర్రం పేరు నేను పలక మీద రాయాలి. పందేనికి పది గుర్రాలు, గుడ్డిగా రాస్తే పదింట ఒకటే తగలాలి కాబట్టి, మూడు పందేలకు ఒకటి గెలిచినా వాడి లెక్క నిజమైనట్టే. అప్పుడు నేను వాడికి జన్మలో బుద్ధి చెప్పకూడదు. అంతకు తగ్గితే వాడు జన్మలో గుర్రం మొహం చూడకూడదు.

తీర్మానం: గుర్రాలను శత్రువుల్లా చదువుతాను. ఏ గుర్రం పక్షమూ వహించను. సొలొమోనును గెలిపిస్తాను.

ఆగస్టు 4, సోమవారం

నేను పనిచేసే పలకల కార్ఖానాలో సగంపూట సెలవు పెట్టాను. అంచు విరిగిన పలక ఒకటి తెచ్చుకున్నాను. నా ఫోనులో పందేలు పెట్టాను. జీవన్ నా పక్కనే మంచం మీద కూర్చున్నాడు.

మొదటి పందెం: నేను రాసిన గుర్రం నాలుగోది. స్తోత్రం.
రెండోది: సగం దారి దాకా ముందుండి, చివరికి చతికిలబడింది. స్తోత్రం.
మూడోది: అసలు గేటులోనే నిలబడిపోయింది. గుర్రాల్లో కూడా దైవభక్తి గలవి ఉన్నాయి.

యశోదకు ఫోన్ చేసి చెప్పాను, ఆటో భద్రంగా ఉందని.

ఆగస్టు 6, బుధవారం

మనసులో ఒక ముల్లు. రెండో పందెంలో గుర్రం ఎందుకు చతికిలబడింది? అబద్ధ సాక్ష్యం పలకకూడదు కదా. తప్పు గుర్రాన్ని రాసి సొలొమోనును గెలిపిస్తే అది మోసం.

సాయంత్రం పాత పందేల వీడియోలు చూశాను. కొన్నే.

విషయం బయటపడింది. ముందు పరుగెత్తే అలవాటున్న గుర్రాలు ఒకే పందెంలో రెండు మూడు పడితే అవి ఒకదాన్నొకటి తరుముకుని ఊపిరి పోగొట్టుకుంటాయి. వెనక తీరిగ్గా వచ్చేది గెలుపు ఎగరేసుకుపోతుంది. అదే, ముందుండే గుర్రం ఒక్కటే ఉంటే దాన్ని తరిమేవాళ్ళుండరు. తన ఇష్టమొచ్చిన వేగంలో పోతుంది, చివరికి ఊపిరి మిగులుతుంది.

బైబిల్లో ఫరో రాజు గుర్రాలు అన్నీ ఒకేసారి సముద్రంలోకి ఎగబడ్డాయి. ఏమైంది? అన్నీ మునిగాయి. వాక్యంలో అంతా ఉంది. చదివే కన్ను ఉండాలి.

ఆగస్టు 10, ఆదివారం

ఆరాధన కొంచెం త్వరగా ముగించాను. ఎండ.

'మార్నింగ్ కాఫీ' అని ఒక గోధుమరంగు ఆడగుర్రం. పన్నెండు వందల మీటర్లు. ముందు పరుగెత్తే అలవాటు ఆ పందెంలో దానికొక్కదానికే. పలక మీద రాశాను. గేటు తెరిచారు. తల్లీ, దూకింది చూడు! ఆరు గుర్రాల పొడవు ముందు. మలుపు దగ్గర మెడ కూడా చెమర్చలేదు. అదే గెలిచింది.

నేను మంచం మీద నిలబడి ఉన్నానని జీవన్ చెబితే తెలిసింది.

"బావా, ఎవరి పక్షమూ వహించనంటివి."

"కాలు తిమ్మిరెక్కింది. లేచినా."

"మరి 'పో నా తల్లీ' అని అరిచిందెవరు?"

తర్వాతి గుర్రం పేరు రాయడానికి పలక అందుకున్నాను. ప్రభువు కూడా కొన్ని ప్రశ్నలకు మౌనంగా ఉన్నాడు.

ఆగస్టు 11, సోమవారం

మళ్ళీ సెలవు. కడుపునొప్పి అని కార్ఖానా మేస్త్రీకి చెప్పాను. నిజంగానే కొంచెం ఉంది, నాలుగో పందెం దాకా.

నేటితో పలక లెక్క మూడింట ఒకటి దాటింది. ఇలాగే పోతే సొలొమోను ఓడిపోతాడు, జీవన్ మళ్ళీ ఆడతాడు, ఆటో పోతుంది. భయపడవలసిన విషయం. భయపడ్డాను కూడా. అయితే ఈ రోజు మూడో పందెంలో గెలిచే గుర్రాన్ని నేను పట్టుకున్న తీరు ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. జీవన్‌కు చెప్పాను. వాడు ఆవులించాడు.

ఆగస్టు 17, ఆదివారం

జీవన్‌ను కూర్చోబెట్టి వివరంగా చెబుతున్నాను. లోపలి కంచె పక్క గేటు దొరికితే ఏం లాభం, మలుపు దగ్గరగా ఉంటే ఏం లాభం. వాడు లేచాడు.

"యాడికి?"

"కిరాయి తగిలింది బావా. కురిచేడు పోయే పెళ్ళివాళ్ళు."

"ఇంకా రెండు పందేలున్నాయి, కూర్చో."

"ముందు నాలుగు పాత పందేలు చూసి, నచ్చినదాన్ని కాసేవాణ్ణి, కాసేపు సంబరంగా ఉండేది. నువ్వు దాన్ని టెన్త్ క్లాసు ట్యూషను చేసినావు."

వెళ్ళిపోయాడు. సాయంత్రం యశోద వచ్చింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"అన్నా, ఆయన్ను మానిపిస్తావని నీ కాడికి పంపితే, నువ్వు కూర్చోబెట్టి నేర్పిస్తాండావంట?"

"అది శత్రువు గుట్టు తెలుసుకోవడమమ్మా."

"శత్రువుకు ముద్దుపేర్లు పెడతారా?"

పలక మంచం కింద పెట్టాను.

ఆగస్టు 21, గురువారం

గిద్దలూరు సభ. ఇక్కడ సొలొమోను మాటను గెలిపించాలి, పలక ఏమన్నా సరే. అంశం అదే: వేగంగలవాడిదే పరుగు కాదు.

బాగానే మొదలుపెట్టాను. మనిషి యవ్వనంలో ముందుకు దూకుతాడు, పొగరుతో పోటీపడతాడు, ఊపిరి పోగొట్టుకుంటాడు. జనం ఆమెన్ అన్నారు. ఉదాహరణకు ఒక్క గుర్రం చెప్పాను. అక్కడి నుంచి నాలుక నా వశంలో లేదు. తొలి నాలుగు వందల మీటర్లు. పోటీ లేని గుర్రం. లోపలి కంచె. మలుపు. మైకు పట్టుకుని స్టేజీ మీద ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తాను. జనం ముందుకు వంగి విన్నారు. ఇంత శ్రద్ధ ఏ సభలోనూ చూడలేదు.

చివర్లో ప్రార్థన కావలసినవాళ్ళు ముందుకు రమ్మన్నాను. వరస గేటు దాకా పోయింది. నా కళ్ళు చెమ్మగిల్లాయి. మొదట వచ్చినాయన చెవిలో అడిగాడు.

"అయ్యగారూ, ఈ ఆదివారం పోటీ లేకుండా ముందు పోయేది ఏది?"

రెండో ఆయనా అదే. మూడో ఆమె తన కొడుకు కోసం అడిగింది.

మెట్ల పక్కన యశోద, జీవన్ నిలబడి ఉన్నారు. యశోద ముఖం చూడలేకపోయాను. ఒప్పందం ప్రకారం వాడే గెలిచాడు. ఇప్పుడు ఆటో పోతే ఆ పాపం నాది. పలక లెక్క నీదేనని వాడికి చెప్పేశాను.

"లెక్క నాదే బావా. కానీ ఇందాక నీ మొఖం చూస్తాంటే, ఇన్నాళ్ళూ యశోద నన్ను ఎట్ల భరించిందో తెలిసొచ్చింది."

ఫోను తీసి, గుర్రాల యాప్ తీసేసి, యశోద చేతిలో పెట్టాడు. ఆమె చూసి, మళ్ళీ చూసి, నవ్వింది.

"అన్నా, నీ ఫోను కూడా ఇయ్యి."

ఇచ్చాను. మార్నింగ్ కాఫీ ఆదివారం ఐదో పందెంలో ఉంది.

ఆగస్టు 24, ఆదివారం

కొత్త తీర్మానం: గుర్రాలు బంద్. పూర్తిగా.

పందేల వేళకు జీవన్ ఆటో తెచ్చాడు, నాకు కాపలా. తిప్పుకొస్తానని త్రిపురాంతకం దారి పట్టాడు. గాలి బాగుంది. మనసు తేలికపడింది. విడుదల పొందిన మనిషికి ఆకాశం ఎంత పెద్దదిగా కనిపిస్తుందో అనుకున్నాను.

దారిలో కాటమరాజు అనే గొర్రెల కాపరి దొడ్డి తడిక తీస్తున్నాడు. ఆటో ఆపాల్సి వచ్చింది. తడిక తెరవగానే ఒక నల్ల పొట్టేలు ఒక్క దూకు దూకింది. మిగతావి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"దాన్ని ఇంక పట్టలేవు జీవనూ, పక్కన పోటీ లేదు. చూడు, వాగు దాకా అదే."

జీవన్ ఆటో ఇంజను ఆపి నా వైపు తిరిగాడు.

వాగు దగ్గరికి ముందు చేరింది పొట్టేలే.

తీర్మానం రేపటి నుంచి. నాలుగు కాళ్ళ మీద పరుగెత్తేదాన్ని దేన్నీ చూడను. వచ్చే ఆదివారం వాక్యం మంచి కాపరి మీద అనుకున్నాను. అది మార్చుకోవాలి.