బొంబాయిలో బిగించిన పెళ్ళిబండి

లత పేట, సోమవారం

ఏటి అవతల దలాలో ఉన్న అచ్చెన్న బావగారికి, ఇవతల లత పేట నుంచి జగదీశ్వరరావు నమస్కారాలు.

ఫోనులో మాట సగంలో తెగిపోతోంది. అందుకని ఫెర్రీలో వస్తున్న మా కొట్టు కుర్రాడు రాంబాబు చేతికి ఈ ఉత్తరం ఇచ్చాను. మా హరికీ మీ అమ్ములుకీ పెళ్ళి ఏర్పాట్లన్నీ కుదిరాయి, ఒక్క మా నాన్న తప్ప. దలా రేవులో దిగాక మీ ఇంటిదాకా మీ పాత మిలిటరీ ట్రక్కులోనే వెళ్తామని చెప్పాను. "బొంబాయి బండైతేనే వత్తాను. నేకుంటే మీరెల్లండి" అన్నారు. కుర్రతనంలో ఆయన పోర్టులో తోలింది ఆ రకమే. తాత లేకుండా పీటల మీద కూర్చోనని హరి అంటున్నాడు. మీ బండి బొంబాయిదేనా?

ఇట్లు,
మీ బావ జగదీశ్వరరావు

తా.క.: యుద్ధకాలపు ట్రక్కులన్నీ ఒకటేనని ఆయన దగ్గర అనకండి. నిన్న నేనన్నాను. ఇంకా చీవాట్లు తింటున్నాను.

దలా, మంగళవారం

పెద్దలు బావగారికి, అచ్చెన్న దండాలు.

మాది నికరమైన బొంబాయి బండి. మా అయ్య చెప్పాడు. అయ్య బొంబాయి చూడలేదు గానీ బండిని చూశాడు. మావయ్యగారిని నిశ్చింతగా ఉండమనండి.

మీ విధేయుడు,
అచ్చెన్న

తా.క.: బొంబాయి బండికి గుర్తులేమిటో ఓ ముక్క రాయండి. సందేహం ఉండి కాదు.

లత, బుధవారం

అచ్చెన్న బావగారికి,

స్పేర్ పార్టుల కొట్టులో జుట్టు నెరిసినవాణ్ణి గనక తెలిసింది రాస్తున్నాను. ఈ బళ్ళ సామాను కెనడాలో తయారయ్యేది. చాలావాటిని విడిభాగాలుగా పెట్టెల్లో ఓడెక్కించి, దిగిన దేశంలో బిగించేవారు. కెనడాలోనే బిగించినవాటికి రేకు కేబిను, రేకు తలుపులు. ఎండ తళుకు పైనున్న విమానాలకు కనబడకుండా అద్దం పైఅంచు ముందుకు వాలి ఉండేది. ఆస్ట్రేలియావాళ్ళు కేబిన్లు తమ పద్ధతిలో కట్టుకున్నారు. బొంబాయిలో బిగించిన వాటిలో చాలావాటికి గుడ్డ టాపు, పక్కన తలుపులుండవు.

రాంబాబు చూపిన ఫొటోలో మీ బండికి రేకు టాపు కనబడింది. తలుపులు కూడా.

ఉంటాను,
జగదీశ్వరరావు

తా.క.: నేను రాశానని బండిలో ఏమీ మార్చకండి.

దలా, శుక్రవారం

బావగారికి, బావగారింట అందరికీ దండాలు.

ఏమీ మార్చకండి అని రాశారు గనక వెంటనే మార్చేశాం. మగపెళ్ళివారు వద్దంటే కావాలనే అర్థమని మా ఇంటిది చిలకమ్మ తేల్చింది. ఎందుకని అడగబోతే, "ఆడపెళ్ళివోరు పెస్నలెయ్యకూడదు" అని నా నోరు మూయించింది.

రేకు టాపు కోసేసి గుడ్డ కట్టాం. తలుపులు ఊడదీశాం. రంగు గీకితే ఒకటి కెనడాది, ఒకటి ఆస్ట్రేలియాది. ఇన్నాళ్ళూ ఒకటి మూస్తే రెండోది తెరుచుకున్నది ఇందుకే.

మీ మాట జవదాటని
అచ్చెన్న

తా.క.: ఇంజను జపాన్‌ది. అదీ దింపేస్తున్నాం. అది లేకపోతే బండి కదలదు గానీ, మీ ఇష్టమే మా ఇష్టం.

లత, శనివారం

అచ్చెన్న బావగారూ,

ఇంజను దింపకండి! దణ్ణం పెడతాను. పెళ్ళి గురువారం. మా నాన్నకు తెలిస్తే నన్ను కూడా రానివ్వరు.

కంగారులో,
జగదీశ్వరరావు

తా.క.: ఈసారి వద్దంటే వద్దనే. చిలకమ్మగారికి చదివి వినిపించండి.

దలా, ఆదివారం

బావగారికి శుభవార్త, కొంచెం ఆలస్యంగా.

మీ ఉత్తరం చేరేసరికి ఇంజను నేల మీద ఉంది. గంట గడవకముందే బండిని కళ్ళారా చూసుకుందామని మీ నాన్నగారు హరిని వెంటబెట్టుకుని దిగారు. బండి ఎముకల గూడులా నిలబడి ఉంది.

"ఏటయ్యా ఇది? బండినిలాగ ఇప్పీమని ఎవుడు సెప్పాడు?"

"తమరే గదా మావయ్యా! బొంబాయిదే గావాలన్నారు."

"బొంబాయిదంటే తలుపు నేని బండి! నా మోకాలు మడతడదు. కెనడా తలుపు సందులోంచి నానెక్కనేను. బొంబాయి బండైతే పక్కనించి కూకుండిపోవచ్చు."

"ఆ మాట మా బావగారికి సెప్పలేదా?"

"ఆడు అడిగితే గదా! బొంబాయి అనీసరికి దేశదేశాల కతలు మొదలెట్టాడు."

చిలకమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. హరి ఒక్కడే నవ్వాడు, వాడి పక్కన మా అమ్ములు కూడా.

అప్పుడాయన చూపు గుమ్మం ముందున్న సైకా మీద పడింది. మన దలాలో రిక్షా అంటే అదే గదా, సైకిలు పక్కన సీటు. నెమ్మదిగా వెళ్ళి పక్కనించి కూర్చున్నారు. మోకాలు మడవలేదు. "దీనికి తలుపేదిరా?" అని చుట్టూ తడిమి చూసి, రేవుదాకా ఒక చుట్టు తిరిగొచ్చారు. గురువారం నాడు రేవు నుంచి ముందు ఆయన సైకా, వెనక పెళ్ళివారందరి సైకాలు. ట్రక్కుని పెళ్ళయ్యాక తీరిగ్గా బిగించుకుంటాం.

రేవులో ఎదురుచూస్తూ,
అచ్చెన్న

తా.క.: సైకాలు ఏ దేశంలో బిగిస్తారో పెళ్ళిలో మీరు ఎవరికీ చెప్పకూడదని మీ నాన్నగారు హుకుం జారీ చేశారు. మగపెళ్ళివారి మాట, మేం దాటలేం.