మీదికెళ్ళి రావాలె

జూన్ 9, సోమవారం

కొత్త పని ఇచ్చారు. మా షెడ్డులో అందరికంటే పాత ఫిట్టర్ ఇస్తారి గారి తలలో ఉన్నదంతా కాగితం మీదకు దించాలట. మా మేనేజర్ ప్రతాప్ సార్ మాటలు ఇవి, నావి కావు.

మా మేడ్చల్ షెడ్డులో తయారయ్యేది ఒక రోబో చేతికి మోచెయ్యి. ఆ చెయ్యి చంద్రుడికి అవతల తిరగబోయే ఒక ఇంటికి బయటి వైపు బిగిస్తారు. హాబిటాట్ అంటారు. ముందు ఖాళీ ఇల్లే వెళుతుంది, మనుషులు రెండేళ్ళ తర్వాత. ఈలోగా సోలార్ రెక్కలు విప్పడం, బ్యాటరీ పెట్టెలు ఎత్తి సాకెట్లలో పెట్టడం అంతా ఆ చెయ్యే చేయాలి. చేతికి కరెంటు వెళ్ళేది మోచేతిలోంచి పోయే ఒకే ఒక్క కేబుల్ గుండా. అది తెగితే చెయ్యి లేదు. చెయ్యి లేకపోతే బ్యాటరీలు లేవు, ఇల్లంతా చీకటి. ఈ సంగతి విని ఇస్తారి గారు ఆడికి లైన్‌మ్యాన్ పోడా అని అడిగారట. షెడ్డంతా నవ్వారు. నాకైతే సరైన ప్రశ్నే అనిపించింది.

మొదటి మోచెయ్యి ఆయనే బిగించారు. చలి చాంబర్‌లో గాలి తీసేసి, మైనస్ నూట ఇరవైలో ఇరవై వేల సార్లు ముడిచి చాచినా దానికేమీ కాలేదు. అది సీలు వేసి పంపేశారు కూడా. రెండోది ఎవరైనా బిగించగలగాలని కస్టమర్ షరతు. అందుకే ఈ కాగితం.

ఆయన నన్ను బిడ్డా అంటారు. నువ్వు అంటారు. నేను ఎం.టెక్ చేశాను, మా వైజాగ్‌లో నాలుగేళ్ళు పనిచేసి వచ్చాను. ఇక్కడ చేరి ఐదు నెలలు. మేడం అనక్కర్లేదు, మీరు అనొచ్చు కదా. మా ఆయన హేమచంద్‌తో చెప్తే నవ్వాడు. తను బ్యాంకులో రోజుకు యాభై మందితో నువ్వు అనిపించుకుంటాడు. అలవాటైపోయిందట.

జూన్ 12, గురువారం

ఆయన పనిచేస్తూ మాట్లాడరు. మాట్లాడితే పని ఆపేస్తారు. నేను రెండూ ఒకేసారి కావాలని కూర్చున్నాను.

స్క్రూ ఎంత బిగించాలి అంటే "జర" అన్నారు. జర అంటే ఎంత అంటే ఇంకో జర. టార్క్ మీటర్ పెట్టి కొలిచాను. ఏడు సార్లూ ఒకటే రీడింగ్. కేబుల్ ఎంత వదలాలి అంటే గోరంత అన్నారు. ఆయన గోరు కొలిచాను, పదకొండు మిల్లీమీటర్లు. అదే రాసుకున్నాను. నచ్చుతోంది ఈ పని.

జూన్ 14, శనివారం, ఉదయం 6:30

మా తూంకుంట కాలనీకి ఆకుకూరలు తెచ్చే సుక్కమ్మ ఒక చిక్కుముడి. ఎందుకు ఆలస్యమైంది అంటే అలియాబాద్‌కెళ్ళి వచ్చిన అంటుంది. వానలో తడిశావేం అంటే అలియాబాద్‌కెళ్ళి వచ్చిన గదా అంటుంది. రోజూ తెల్లారకముందే అలియాబాద్ వెళ్ళి రావలసిన అవసరం ఏమిటో. అక్కడ హోల్‌సేల్ మార్కెట్ ఏదో ఉండి ఉంటుందని హేమచంద్ తేల్చేశాడు.

జూన్ 18, బుధవారం

పద్నాలుగో స్టెప్. అన్నిటికంటే ముఖ్యమైనది.

మోచేతి లోపల చిన్న బ్రాకెట్ ఉంటుంది. కేబుల్ దాన్ని దాటి పోవాలి. ఎలా పోవాలి అన్నాను. "కేబుల్ మీదికెళ్ళి రావాలె. గంతే," అన్నారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే.

అంటే బ్రాకెట్ మీదికి వెళ్ళి, చుట్టు తిరిగి, వెనక్కి రావాలి. దీన్ని సర్వీస్ లూప్ అంటారు. పుస్తకాల్లో ఉంది. చదువుకోని మనిషి చేతులతోనే కనుక్కున్నాడు చూడు అని ముచ్చటేసింది. ఇంగ్లీషులో ఒక్క లైన్లో రాశాను. బొమ్మ తర్వాత వేద్దామనుకున్నాను, సార్ తొందరపెడుతున్నారు.

సంతకం పెట్టమంటే పెట్టేశారు. చదివి వినిపించనా అంటే, రాసింది నువ్వే గదా బిడ్డా, ఇగ నేనేం జూడాలె అన్నారు.

జూన్ 30, సోమవారం

నా కన్ఫర్మేషన్ లెటర్ జూలై 21న ఇస్తామని హెచ్.ఆర్. చెప్పింది.

జూలై 3, గురువారం

రెండో మోచెయ్యి బిగించింది వినోద. శామీర్‌పేట అమ్మాయి, ఐ.టి.ఐ. చదివింది. లైను కింద వేలు పెట్టుకుని మరీ చదువుతుంది. పద్నాలుగో స్టెప్ దగ్గర ఆగింది. ఇది ఇస్తారి కాకను ఒక్కసారి అడుగుదామా మేడం అంది. ఆయన మేనకోడలి కాన్పుకని సెలవులో ఉన్నారు. కాగితంలో ఉన్నది చాలు, అందుకే కదా కాగితం అన్నాను.

పది గంటలకు చాంబర్ తలుపు మూశారు. శామీర్‌పేట రోడ్డులోని టెస్ట్ ల్యాబ్ అది. ఇరవై వేలు పూర్తవడానికి తొమ్మిది రోజుల పైనే పడుతుంది.

జూలై 6, ఆదివారం, ఉదయం 7:20

6,212 దగ్గర ఆగిపోయింది. మోచేతిలో కరెంటు లేదు.

జూలై 7, సోమవారం

తెరిచారు. లూపు చలికి కట్టెలా బిగుసుకుపోయి, ముడిచిన ప్రతిసారీ మూతకు రాసుకుంది. పైతొడుగు అరిగి, లోపలి తీగ తగిలి కాలిపోయింది. ఆ నల్ల మచ్చ అందరం ఒకరి తర్వాత ఒకరం చూశాం. వినోద మాత్రం చూడలేదు. తన చేతులు చూసుకుంటూ నిలబడింది.

జూలై 8, మంగళవారం

ఎంక్వైరీ. గదిలో ప్రతాప్ సార్, ఇస్తారి గారు, నేను. వినోద పాటించింది కాగితాన్నే కాబట్టి ఆమె తప్పు లేదని ముందే తేల్చారు. ఇక మిగిలింది కాగితం.

సార్ నాగపూర్‌లో పుట్టి పెరిగారు. ఆయన తెలుగు ఇంట్లో వాళ్ళమ్మతో మాట్లాడే మేరకే. అందుకని నన్నే అడగమన్నారు. అడిగాను. కేబుల్ మీదికెళ్ళి రావాలని మీరే చెప్పారా?

"అవ్. మీదికెళ్ళి రావాలెననే జెప్పిన. ఒకటోదానికి గూడ గట్లనే జేసిన."

సార్ రాసుకున్నారు. ఒకటోదాన్ని అలా చేసి ఉంటే అది పాసయ్యేది కాదు అన్నారు నాతో, ఇంగ్లీషులో. ఒకలా చేసి ఇంకోలా చెప్పాడు, మర్చిపోయి ఉంటాడు, వయసు అన్నారు. నేను తలూపాను. నాకూ అలాగే అనిపించింది.

ఇస్తారి గారికి ఇంగ్లీషు రాదు. కానీ సార్ తన నుదురు వేలితో తట్టి చూపించారు. దానికి ఏ భాషా అక్కర్లేదు.

జూలై 10, గురువారం

ఆయన్ని ఇంట్లో ఉండమన్నారు. మళ్ళీ పిలుస్తామని మాట వరసకు అన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. కళ్ళజోడు, టిఫిన్ డబ్బా, సొంత స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకున్నారు. గేటు దగ్గర నన్ను చూసి ఆగారు. వస్త మేడం అన్నారు.

ఐదు నెలలుగా నేను కోరుకున్న మర్యాద. చెవికి బాగాలేదు.

జూలై 13, ఆదివారం, ఉదయం 8:00

రాస్తే గాని కుదుటపడను.

సుక్కమ్మ వచ్చింది. వచ్చే ఆదివారం రానంది, మా ఊళ్ళె బోనాలు అంది. మీదే ఊరు అన్నాను. ఇన్ని దినాలు జెప్తున్న గదమ్మా, అలియాబాద్ అంది. అలియాబాద్ నువ్వు రోజూ వెళ్ళి వస్తావు కదా అన్నాను. పోయి వచ్చుడేంది, ఆడికెల్లే వస్త, మా ఇల్లే ఆడ అంది. గోంగూర కట్ట చేతిలో పట్టుకుని నవ్వింది, నవ్వింది. ఏడికెల్లి అంటే ఎక్కడి నుంచి అనమ్మా, మీకు గది గూడ ఎరుక లేదా అంది.

కెల్లి. వెళ్ళి కాదు, కెల్లి. నుంచి.

మీదికెల్లి రావాలె అంటే మీది నుంచి రావాలి. భుజం వైపు నుంచి తిన్నగా దిగి రావాలి. లూపు లేదు. లూపు నేను పుట్టించాను. ఎంక్వైరీలోనూ నా మాటే అడిగాను, ఆయన తన మాటే చెప్పారు. ఇద్దరి నోట్లోనూ ఒకటే శబ్దం.

ఆయన ఏదీ మర్చిపోలేదు.

జూలై 14, సోమవారం

చెప్పలేదు.

జూలై 15, మంగళవారం

చెప్పలేదు. సార్ ఆడిట్‌లో ఉన్నారు. రెండు సార్లు బయటికి వచ్చి టీ తాగారు కూడా. లెటర్‌కి ఇంకా ఆరు రోజులు. 22న చెప్తే ఏం పోతుంది అని ఒకసారి అనుకున్నాను. అనుకున్నాను కాబట్టి రాస్తున్నాను. నేను ఇంత పిరికిదాన్ని అని నాకు తెలియదు.

హేమచంద్‌కు చెప్పాను. తను ఏ సలహా ఇవ్వలేదు. ఆయనకు ఎన్నేళ్ళు అని మాత్రం అడిగాడు. యాభై ఎనిమిది.

జూలై 16, బుధవారం

పదకొండు గంటలకు చెప్పాను. సార్‌కు ముందు అర్థం కాలేదు. మీదికెళ్ళి, మీదికెల్లి అని మూడు నాలుగు సార్లు పలికించారు. రెండూ ఒకేలా ఉన్నాయి కదా అన్నారు. అదే సార్ అన్నాను. వినోదను పిలిపించి అడిగారు. ఆమె క్షణం ఆలోచించలేదు. పైనుంచి సార్ అంది. తర్వాత నా వైపు చూసింది. ఆ రోజు అడుగుతానంటే వద్దన్నది నేనే.

ఎప్పుడు తెలిసింది అని సార్ అడిగారు. ఆదివారం అన్నాను. ఆయన క్యాలెండర్ వైపు చూశారు.

కన్ఫర్మేషన్ ఆరు నెలలు వాయిదా. నేను రాసే ప్రతి కాగితం మీద వినోద కూడా సంతకం పెట్టాలి. ఇకమీదట కాగితం రాసినవాళ్ళు టెస్టు జరిగే చోట ఉండకూడదు. ఇస్తారి గారికి రమ్మని ఫోన్ చేశారు. సరే సార్ అన్నారట.

జూలై 18, శుక్రవారం

రెండు రోజులైనా ఆయన రాలేదు. లంచ్ తర్వాత సెలవు పెట్టి స్కూటీ మీద అలియాబాద్ వెళ్ళాను. ఆయన ఇల్లూ ఆ ఊళ్ళోనే.

ఆయన భార్య దుర్గాబాయి గారు కుర్చీ వేసి సల్ల తాగుతవా అన్నారు. సల్ల అంటే ఏమిటండీ అని అడిగాను. ఇప్పుడు అన్నీ అడుగుతున్నాను. మజ్జిగ.

చెప్పాల్సింది చెప్పాను. తప్పు నాదని, మీ మాట సరిగ్గానే ఉందని, ఆదివారమే తెలిసినా బుధవారం దాకా నోరు విప్పలేదని. అదీ చెప్పాను. ఆయన గ్లాసు వైపు చూస్తూ విన్నారు. ఆవిడే అన్నారు, ఆయన అన్నకు ఇట్లనే మొదలైందని, ముందు వస్తువుల పేర్లు పోయాయని, తర్వాత మనుషుల పేర్లు. ఈ వారమంతా ఈయన పొద్దున లేవగానే మనవళ్ళ పేర్లు వరసగా చెప్పుకుంటున్నారట.

అప్పుడు ఆయన అన్నారు. "నాకు యాది తప్పుతాందేమో అనుకున్న మేడం. కొలువు పోతే పోనీ. గదే భయమైంది."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడ్చాను. మూడు రోజులు. నేను లెటర్ కోసం లెక్కపెట్టుకున్న మూడు రోజులూ ఆయన పేర్లు లెక్కపెట్టుకున్నారు.

సోమవారం వస్తానన్నారు. మేడం అనే అన్నారు.

జూలై 22, మంగళవారం

నిన్నటి నుంచి మూడో మోచెయ్యి. ఆయన చెప్తుంటే వినోద బిగించింది, నేను రాశాను. పద్నాలుగో స్టెప్ దగ్గర ముగ్గురం ఆగాం.

ఆయన ఒక సందేహం అడిగారు. పైన ఆడ మీద ఏది, కింద ఏది అని. ఏదీ లేదండీ, అక్కడ అన్ని వైపులా ఒకటే అన్నాను. కాసేపు మోచేతిని అటూ ఇటూ తిప్పి చూశారు. అట్లయితే నేను జెప్పింది గూడ తప్పే, మీద లేని కాడ మీదికెల్లి ఎట్లొస్తది అన్నారు. వినోద నవ్వింది. ఆయన కూడా కొంచెం నవ్వారు, నన్ను చూడకుండా.

చివరికి ఇలా రాశాం. కేబుల్ భుజం నుంచి మణికట్టుకు తిన్నగా పోవాలి, చుట్టు ఉండకూడదు. ఇంగ్లీషులోనూ, తెలుగులోనూ. పక్కన బొమ్మ, బాణం గుర్తు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని తెలుగు లైను అక్షరం అక్షరం చదువుకున్నారు. ఐదు నిమిషాలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత సంతకం పెట్టారు.

జూలై 25, శుక్రవారం

పది గంటలకు చాంబర్ తలుపు మూశారు. నేను లేను, ఉండకూడదు కదా. ఆదివారాలు కాపలా ఎవరు అంటే ఇస్తారి గారు తానే ఉంటానన్నారట.

జూలై 28, సోమవారం

6,212 దాటింది. వినోద వచ్చి చెప్పి వెళ్ళింది.

ఆగస్టు 3, ఆదివారం, సాయంత్రం 4:10

ఫోన్ మోగింది.

"చాంబర్ కాడికెల్లి మాట్లాడుతున్న బిడ్డా. ఇరవై వేలు అయినయ్."

ఒక్కసారికే అర్థమైంది.