ఇటలీ అమ్మకు నా గొంతే

ఎడిసన్, అమెరికా, 2009 అక్టోబర్, శనివారం రాత్రి

చిట్టీ,

నువ్వు పోయాక సగంలో ఆగిన నీ సినిమాను నీ క్లాస్‌మేట్ కిరణ్ పూర్తి చేస్తున్నాడు. అదే, ఆ ఇటలీ డైరెక్టర్ జీవితం. అందులో ఆయన తల్లి వేషం నాది కదా. ఆయన పద్ధతిలోనే మాటలు తర్వాత కలుపుదామని గొంతు లేకుండా తీశావు.

ఈ రోజు కిరణ్ ఇంటికి వచ్చాడు.

"ఆంటీ, మీ డైలాగ్స్ ఒక అమెరికన్ యాక్ట్రెస్‌తో ఇంగ్లీష్‌లో చెప్పిస్తాం. ఇటలీ అమ్మ తెలుగులో మాట్లాడితే జనం నవ్వుతారు."

"ఇంగ్లీష్‌లో మాట్లాడితే నవ్వరా?" అన్నాను.

మీ నాన్న "పోనీలేవే, పిల్లలు చూసుకుంటారు" అన్నారు. నేను పోనివ్వను. ఆ డైరెక్టర్ మొదటి సినిమా ఆడక, అందరూ మానెయ్యమన్న రోజున, "ఇంకోటి తియ్యరా నాన్నా" అనేది ఆ తల్లి ఒక్కతే. ఆ మాట నువ్వు నాకోసం తెలుగులోనే రాశావు. నా మొహం మీద ఇంకొకామె గొంతు పెడితే ఊరుకుంటానా?

సోమవారం స్టూడియోకి నేనే వెళ్తున్నాను. ఆ మాట దగ్గర గొంతు వణుకుతుందేమో... వణికితే వణకనీ, అలాగే రికార్డ్ చేసుకోమంటాను.

నువ్వు ఎక్కడున్నా కడుపునిండా తిను తల్లీ.