సబ్బుపెట్టెనా, టార్చిలైటా?

ఏప్రిల్ 27, ఆదివారం

తీర్మానం: వచ్చే ఆదివారంలోగా కెమెరా కొనేస్తాను. నేనే తేలుస్తాను. ఎవరినీ అడగను!

ఎందుకో కూడా రాసి పెట్టుకోవాలి. లేకపోతే బుధవారానికల్లా "అసలు మనకు కెమెరా ఎందుకు?" అని నాకే అనుమానం వస్తుంది. మా ఆయన హరినాథ్ ఈసారి గంగమ్మ జాతరలో బండవేషం కడుతున్నాడు. ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, తలకు పూలదండ చుట్టుకుని, ఎదురొచ్చినవాళ్ళనల్లా బూతులు తిడుతూ తాతయ్యగుంట గుడిదాకా నడవాలి. ఆ వేషంలో తిడితే పాపం లేదు, తిట్టించుకుంటే మేలు అని మా తిరుపతిలో నమ్మకం. నిరుడు నా రొమ్ములో గడ్డ కనపడింది. వేలూరులో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు కోసం కూర్చున్న రోజుల్లో మొక్కుకున్నాడట. రిపోర్టు బాగుంది. మొక్కు మిగిలింది. ఈ ఒక్క ఏడాదికే.

ఆయన అడిగింది ఒకటే. "ఇంట్లో ఉండే ఫోటోల్లో నువ్వుంటే నేనుండను, నేనుంటే నువ్వుండవు. ఎవురో ఒకరు తీస్తా ఉంటాము గదా. ఇందులో మాత్రం ఇద్దరం పడాల రేవతీ. నీ కోసరమే గదా మొక్కుకునింది."

అందుకని చుట్టూ తీసే చిన్న కెమెరా. ముందొక కన్ను, వెనకొక కన్ను. కర్రకు తగిలించి పట్టుకుంటే తీసేవాళ్ళు, తీయించుకునేవాళ్ళు, పక్కన పల్లీలు నమిలేవాళ్ళు, అందరూ పడతారు. పేరున్నవి రెండు. ఒకటి సబ్బుపెట్టెలా ఉంది, ఇంకొకటి టార్చిలైటులా. వాటి అసలు పేర్లు బస్సు నంబర్లలా ఉన్నాయి, నాకు గుర్తుండవు. సబ్బుపెట్టె, టార్చిలైటు అనే రాస్తాను.

రెండే! రెండింటిలో ఒకటి! పదో తరగతి పిల్ల తేలుస్తుంది.

ఏప్రిల్ 28, సోమవారం

సాయంత్రం సమీక్షల వీడియోలు చూశాను. ఈ కుర్రవాళ్ళందరినీ ఒకే అచ్చులో పోసినట్టున్నారు. అదే గడ్డం, అదే టోపీ, అదే "హాయ్ ఫ్రెండ్స్". ఒకడు మంచుకొండ మీంచి జారాడు. ఒకడు అలల మీద పడ్డాడు. ఒకడు మోటార్ సైకిల్ కింద కెమెరా కట్టి, లోకానికేదో మేలు చేసినట్టు నవ్వాడు. నీళ్ళలో మునిగినా ఏమీ కాదట. సంతోషం. కుంకుమ పడితే? ఒక్కడూ చెప్పడు. వీళ్ళ లోకంలో మంచుంది, సముద్రముంది, కుంకుమ లేదు.

"ముందు తీసేయండి, ఎటు చూడాలో తర్వాత తీరిగ్గా తేల్చుకోండి." ఈ కెమెరాల గొప్ప ఇదేనట. పెళ్ళయినప్పటి నుంచి నేను బతుకుతున్న పద్ధతిని డబ్బాలో పెట్టి ఇంత ధరకు అమ్ముతున్నారని నాకు తెలియదు.

తేల్చేశాను. టార్చిలైటు! బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, పట్టుకోవడానికి వీలు. ఇంత సులభమా? ఒక్క రోజులో! మిగిలిన ఆరు రోజులు ఏం చేయాలో తెలియడం లేదు.

ఏప్రిల్ 29, మంగళవారం

తెలిసింది.

"ఆరు నెలలు వాడాక నిజం చెప్తున్నా" అని ఒక వీడియో. టార్చిలైటు కంటికి గీత పడితే మార్చడానికి లేదట. సబ్బుపెట్టెకయితే మనమే విప్పి కొత్త అద్దం వేసుకోవచ్చట. మరి టార్చిలైటు బాగుందని నిన్న చెప్పినవాడు? వాడికి ఊరికే ఇచ్చి ఉంటారు, కూలికి పొగిడాడు. ఈ రోజు చెప్పినవాడు నిజాయితీపరుడని ఎలా తెలుసు? వీడికి సబ్బుపెట్టె వాళ్ళు ఇచ్చి ఉండవచ్చుగా?

కాలేజీలో పరీక్షల ముందు పాఠాలు మళ్ళీ చెబుతున్నాం. ఈ రోజు అర్థశాస్త్రంలో ఉదాసీనతా వక్రరేఖలు. రెండు వస్తువులు సమానమైన తృప్తి ఇస్తే వినియోగదారుడు ఏది దొరికినా తీసుకుంటాడు, బాధపడడు. ఇన్నేళ్ళుగా ఈ అబద్ధం చెప్పి జీతం తీసుకుంటున్నాను. ఒక్క పిల్ల కూడా "నిజమా మేడమ్?" అని అడగలేదు.

ప్రస్తుతానికి సబ్బుపెట్టె.

మే 1, గురువారం

మేడే సెలవు. గాంధీరోడ్డులో నవాబ్ కెమెరాల కొట్టుకు వెళ్ళాను. చూడటానికే, అడగటానికి కాదు. తీర్మానం గుర్తుంది. "ఏది మంచిది?" అని అడగలేదు. "మీరైతే ఏది కొంటారు?" అని అడిగాను. అది వేరు.

"నేను కొనను మేడమ్. అమ్ముతాను" అన్నాడు నవాబ్.

రెండూ కౌంటరు మీద పెట్టించి, రెండింటితోనూ కొట్టంతా తీసి చూశాను. నా నుదురు బూడిదగుమ్మడికాయలా ఉబ్బింది. అది రెండింటిలోనూ సమానం, ఉదాసీనత. తేడా నవాబ్ చెవి దగ్గర వచ్చింది. ముందు కన్ను తీసిందీ వెనక కన్ను తీసిందీ కలిపి కుట్టే చోటు ఒకటి ఉంటుంది. దగ్గరగా ఉన్నదేదైనా ఆ కుట్టులో పడితే అంతే సంగతులు. సబ్బుపెట్టె ఆయన చెవిని మింగేసింది. టార్చిలైటు ఒకే పక్క రెండు చెవులు పెట్టింది.

"చెవి లేని మనిషి కావాల్నా, మూడు చెవుల మనిషి కావాల్నా? ఇదీ మీ సరుకు!" అన్నాను.

"కొంచెం దూరంగా పట్టుకుంటే ఒకటే చెవి వస్తుంది మేడమ్. రెండూ మంచివే. కండ్లు మూసుకోని ఒకటి పట్టుకోండి."

మళ్ళీ తీశాను. మళ్ళీ. ఆయన మధ్యాహ్నం అన్నానికి షట్టరు సగం దించాడు.

"పెండ్లి సూపుల్లో సార్‌ని గూడా ఇంతసేపు సూసుండరు మేడమ్."

"ఆ పని మా నాయన చేసినాడు."

"అయితే నాయన్నే పంపించండి. బేరం తొందరగా తెగుతుంది."

ఇంక ఆ కొట్లో అడుగు పెట్టను. వ్యాపారం తెలియని మనిషి.

మే 2, శుక్రవారం

కెమెరా సంగతి పక్కన పెట్టాను, బుర్ర చల్లబడాలి. ఇంట్లో ఇంకో గండం. హరినాథ్‌కి తిట్టడం రాదు.

ఈయన ఆఫీసులో ఫైలు పోగొట్టిన గుమస్తాను కూడా "కొంచెం వెతకండి" అంటాడు. ఈ రోజు అద్దం ముందు నిలబడి అభ్యాసం చేస్తున్నాడు. తలుపు సందులోంచి విన్నాను.

"ఒరేయ్! నీకు సిగ్గు లేదా? బుద్ధి లేదా... అండీ."

లోపలికి వెళ్ళాను. "అండీ అని తిట్టే బండవేషాన్ని గంగమ్మ గూడా సూసుండదు."

"నోరు తిరగడంల్యా రేవతీ. నువ్వు సెప్పు, నేను పలుకుతా."

"నేనెందుకు చెప్తాను? మొక్కింది మీరు."

"కెమెరా ఏమాయ?"

"చూస్తా ఉండాను."

"ఏదో ఒకటిలే" అన్నాడు. ఏదో ఒకటి! ఇరవై రెండేళ్ళ కాపురంలో నాకు బాగా కోపం తెప్పించే మాట అదే. ఏదో ఒకటి అనే మనుషుల వల్లే ఈ దేశంలో చెత్త సరుకు అమ్ముడుపోతోంది.

మే 4, ఆదివారం

గడువు ఈ రోజే. పొడిగించాను. కారణాలు గట్టివి.

ఎండాకాలం తగ్గింపు ధరలు రేపో ఎల్లుండో పెడతారట. ఇప్పుడు కొంటే తెలివితక్కువ. పైగా సాయంత్రం రాహుకాలం. నాకు నమ్మకం లేదు, అయినా కొత్త వస్తువు.

పోలికల పట్టిక గీశాను. ఎడమ సబ్బుపెట్టె, కుడి టార్చిలైటు. బరువు, బ్యాటరీ, చీకట్లో నాణ్యత, కన్ను మార్చుకునే వీలు, కుట్టు దగ్గర దోషం. మార్కులు వేశాను. సమానం వచ్చాయి. చీకటికి వేసిన మార్కులు కొట్టేసి మళ్ళీ కూడి చూశాను, వేషం పగలే కదా. అయినా సమానం.

అడగకూడదనుకున్నాను. కానీ తరన్నుమ్ నాతో కాలేజీలో పని చేసే మనిషి, పక్క వీధి. ఆమెను అడగడం బయటివాళ్ళను అడగడం కాదు. ఫోన్‌లో పట్టిక మొత్తం చదివి వినిపించాను.

"అయిపోయిందా అక్కా?"

"ఇంకొక వరస ఉండాది."

"వద్దు. నువ్వు తేల్చేలోపల గంగమ్మ వచ్చి, జాతర సూసుకోని, పోయి, మళ్ళీ ఏడాదికి వచ్చేస్తుంది."

"నీకు దేన్ని గురించయినా లోతుగా ఆలోచించే అలవాటు లేదు."

"లేదక్కా. అందుకే నిద్ర పడుతుంది." పెట్టేసింది.

మే 6, మంగళవారం

ఈ రాత్రి జాతర చాటింపు. అది పడిందంటే జాతర అయ్యేదాకా ఊరు దాటి పోకూడదంటారు. ఉదయం ఒక ఆలోచన వచ్చింది, చెన్నై పోయి పెద్ద షోరూములో మూడో రకం ఏమైనా ఉందేమో చూసి రావచ్చని. టికెట్ కోసం ఫోన్ తీశాను కూడా. ఇక కుదరదు. గంగమ్మకు నా సంగతి ముందే తెలిసినట్టుంది.

మధ్యాహ్నం మెరుపులాంటి ఉపాయం! రెండూ ఆర్డర్ పెట్టేశాను. రేపు వస్తాయి. ఒకటి ఉంచుకుని ఇంకొకటి వాపసు పంపుతాను. ఇంత తెలివి వారం ముందు ఏమయింది? తరన్నుమ్‌కి చెప్తే దండం పెట్టే బొమ్మ ఒకటి పంపింది. అసూయ అనుకుంటాను.

మే 7, బుధవారం

రెండూ వచ్చాయి. రెండు డబ్బాలు, మెరిసే కాగితం, అంచున చిన్న సీలు. కింద సన్నటి అక్షరాల్లో: సీలు తెరిచిన వస్తువు వాపసు తీసుకోబడదు.

అంటే తెరవకుండా తేల్చాలి! తెరిస్తే గానీ తేలదు! ఏ బుద్ధిమంతుడు రాశాడు ఈ నియమం?

రాత్రి వంటింటి గట్టు మీద రెండూ పక్కపక్కన పెట్టాను. హరినాథ్ వచ్చి, చూసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. వేషం రేపే, పొద్దున తేలుస్తాను. పొద్దున బుర్ర బాగా పని చేస్తుంది.

మే 8, గురువారం

పని చేయలేదు.

మా ఆడబిడ్డ చంద్రకాంతమ్మ పొద్దున్నే వచ్చి తమ్ముడికి కుంకుమ పూసింది. మెడ, చేతులు, వీపు, కనురెప్పలు కూడా. పూలదండ చుట్టింది. గుర్తుపట్టలేకపోయాను. ఆ ఎరుపులో కళ్ళు మాత్రం ఆయనవే, బెదిరినవి.

నేను రెండు డబ్బాలూ సంచిలో వేసుకుని వెనకాల నడిచాను. దారిలో తేలుతుందని.

వీధిలో పసిపిల్లలు కూడా నల్లచుక్కలు పెట్టుకుని గొంతు చించుకుంటున్నారు. మా ఆయన పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. అరుగు మీది ముసలాయన "ఏం సామీ, గొంతు పట్టేసిందా?" అన్నాడు. ఒక ఆటో అతను "సార్, తిట్టేది ఉంటే తిట్టండి, బాడుగకు పోవాల" అన్నాడు. ఈయన "పోండి, పోండి" అన్నాడు. చంద్రకాంతమ్మ నుదురు కొట్టుకుంది. "మొక్కు తీరదురా ఇట్లయితే!"

గుడి మలుపు దగ్గర ఆయన వెనక్కి తిరిగాడు. చిన్నగా అడిగాడు. "తీస్తా ఉండావా?"

"రెండూ తెచ్చినాను. ఏది తెరవాల్నో..."

సంచిలోకి చూశాడు. రెండు డబ్బాలూ ఎర్రటి చేతులతో బయటికి లాగాడు. సీళ్ళు చూశాడు. నన్ను చూశాడు. ఆ తర్వాత వచ్చిన గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

"ఓసి నీ తిక్క తగలెయ్య!"

వీధి ఆగిపోయింది.

"తెరిస్తే వాపసు పోదంటనా? నీ బతుకునే వాపసు పంపాలని సూస్తా ఉండావు గదే! వేలూరు డాక్టరు బాగుండావంటే మద్రాసు డాక్టరు! మద్రాసాయన బాగుండావంటే ఇంకొకాయన! ముగ్గురూ ఒక్కటే మాట సెప్పినారు గదే! ముగ్గురి కాగితాలూ పక్కపక్కన పెట్టుకోని ఏడాదిగా నా కండ్లముందర సస్తా ఉండావే! నేనేం పాపం సేసినాను? బాగుండావే, తిక్కముండా! బతికుండావే! యాడికీ పోలేదే నువ్వు!"

మధ్యలో కొన్ని మాటలు రాయడం లేదు. అవి ఆయనకు ఎప్పటి నుంచి తెలుసో కనుక్కోవాలి.

ముందు కోపం వచ్చింది. నలుగురిలో! అని. కానీ బండవేషం తిడితే చేతులు జోడించాలి. జోడించాను. అక్కడే, వీధి మధ్యలో, ఏడాదిగా దాచిన ఏడుపంతా ఏడ్చాను. ఆయన నా నెత్తిన చెయ్యి పెట్టాడు. నా ముఖమంతా కుంకుమ.

పక్కనున్న ఒకావిడ నన్ను తోసుకుంటూ ముందుకు వచ్చింది. "నాయనా, నన్ను గూడా ఒక మాట తిట్టు." ఆమె వెనక ఇంకొకరు. ఆటో అతను కూడా దిగొచ్చాడు. గుడిదాకా ఆయన నోరు ఆగలేదు.

ఒక్క ముక్క తీయలేదు నేను.

మే 9, శుక్రవారం

నిన్న రాత్రే రెండూ వాపసు పెట్టాను, తీసుకోవడానికి మనిషి వచ్చాడు. డబ్బాలు తిప్పి చూసి భయపడ్డాడు. "ఏందక్కా, నెత్తురా?" రెండింటి మీదా హరినాథ్ అయిదు వేళ్ళూ ఎర్రగా పడి ఉన్నాయి. కుంకుమ అంటే నమ్మాడు గానీ డబ్బాలు తీసుకోలేదు.

మధ్యాహ్నం తరన్నుమ్ ఒక వీడియో పంపింది. వీధిలో ఎవరో ఫోన్‌తో తీశారు. కెమెరా కదిలిపోతోంది, సగం ఎవరిదో మోచెయ్యి. నిలువుగా, నాసిరకంగా, ఏ సమీక్షకుడూ ఒప్పుకోని నాణ్యతతో. అందులో నోరు తెరిచిన హరినాథ్, చేతులు జోడించిన నేను. ఇద్దరం పడ్డాం.

కింద తరన్నుమ్ రాసింది: "అన్న నోట్లో ఇంత సరుకు ఉందని తెలీదక్కా. నాకు గూడా ఒకరోజు అప్పుగా పంపించు."

హరినాథ్‌కి చూపించాను. ఆయన తన గొంతు తనే విని చెవులు మూసుకున్నాడు. "అంత మాటలన్నానా? నొచ్చుకున్నావా?"

"ఇంకోసారి పెట్టండి, సరిగ్గా వినపడలేదు" అన్నాను.

మే 11, ఆదివారం

తీర్మానం: వచ్చే ఆదివారంలోగా రెండింటిలో ఒకటి నవాబ్‌కి అమ్మేస్తాను. ఏదనేది నేనే తేలుస్తాను. ఎవరినీ అడగను! పట్టిక గీయను!

ఇంకొక తీర్మానం. జూన్‌లో వేలూరు ఏడాది పరీక్ష. ఒక్క డాక్టరు, ఒక్క రిపోర్టు. బాగుండావంటే బాగున్నట్టే. అక్కడి నుంచి నేరుగా ఇంటికి, మధ్యలో ఎక్కడా దిగను. హరినాథ్‌కి చెప్పాను. "సరే" అని చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

చిత్తూరులో ఒక డాక్టరమ్మ రిపోర్టులు చాలా ఓపికగా చూస్తుందని స్టాఫ్ రూములో ఎవరో అన్నారు. ఊరికే, ఉంటుందని, నంబరు ఇక్కడ రాసుకున్నాను. రాసి కొట్టేశాను. కనపడుతోందని ఇంకా గట్టిగా కొట్టేశాను. చివరి రెండంకెలు మాత్రం తెలుస్తున్నాయి.

వాటిని రేపు కొట్టేస్తాను.