నీలి సరస్సు గట్టు మీది చెప్పుల గురించి

తాండూరు–వికారాబాద్ సరస్సుల యాత్రా విభాగం ప్రత్యేక అధికారి గారి సముఖమునకు,

తాండూరు పాత బస్తీ నివాసి, ఆటో డ్రైవరు జమాల్ వ్రాసుకొను అర్జీ.

విషయం: తమ యాత్రలో మూడవ సరస్సుగా చూపబడుచున్న నీటి గుంత గట్టు మీద నా భార్య ఉంచుచున్న చెప్పులను తొలగించవద్దనియు, సదరు గుంతలోని నీటిని తోడించి మా కుమారుని మాకు అప్పగించవలెననియు కోరుట గురించి.

అయ్యా,

తమ గది తలుపు మీద పాత అధికారి గారి పేరు గీకివేసి, కొత్త పేరు ఇంకా వ్రాయలేదు. అందుచేత తమరు అయ్యగారో అమ్మగారో నాకు తెలియదు. అమ్మగారైతే 'అయ్యా' అన్నందుకు క్షమించవలెను. ఒక బిడ్డను కని పెంచినవారైతే మిగతా అర్జీ చదవడం మరీ సులువు.

1. తమ విభాగం వారు ప్రతి ఆదివారం "ఒక్కరోజులో పాత పట్టణం, మూడు సరస్సులు" అను పేరిట బస్సు నడుపుచున్నారు. పొద్దున్నే తాండూరు స్టేషన్ దగ్గర జనాన్ని ఎక్కించుకొని, పాత బస్తీలో నాపరాతి ఇండ్లు, పాత దర్వాజాలు చూపించి, కోట్‌పల్లి నీళ్ళలో పడవ ఎక్కించి, అనంతగిరి గుట్ట కింద చెరువు చూపించి, పొద్దు వాలే వేళకు వెనక్కి తెచ్చి "నీలి సరస్సు" దగ్గర దింపుచున్నారు. మొదటి రెండింటి మీద నాకు ఫిర్యాదు లేదు. అవి నీళ్ళ కోసం పుట్టినవి. మూడవది సరస్సు కాదు. అది నాపరాయి తీసిన గని. సున్నపు రాయి వల్ల నీళ్ళకు ఆ నీలం వచ్చింది. జనం దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు.

2. గనిలో దిగే కూలీలు తమ చెప్పులు గట్టు మీద విడిచి దిగుతారు. తడి బండ మీద చెప్పు జారుతుంది, వట్టి కాలు పట్టు దొరకబుచ్చుకుంటుంది. సాయంత్రం మేస్త్రీ లోపలికి తొంగి చూడడు, గట్టు మీద చూస్తాడు. జోడు ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. జోడు లేకుంటే అందరూ ఎక్కినట్టు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. తాండూరులో రాయి పని చేసే ఇంట్లో పసిపిల్లనడిగినా చెబుతుంది.

3. మా కుమారుడు సాకిబ్ సదరు గనిలోనే రాయి కోసే మిషను మీద పని చేసేవాడు. ఆరేళ్ళ కిందట వానాకాలంలో గుత్తేదారు ఎవరి మాట విన్నాడో ఏమో, కూలీలకు బూట్లు పంచినాడు. మా వాడికి వచ్చిన జత ఒక సైజు పెద్దది. వాళ్ళ అమ్మ జహీరాబీ తన పాత ఆకుపచ్చ ఓణీ చింపి రెండు బూట్ల ముందు భాగంలో కుక్కింది. ఆ బూట్లేసుకొని వాడు ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే "అరే, మనింటికి సాబ్ వచ్చిండు, కుర్సీ వెయ్యుండ్రి" అని నేను ఆటపట్టించినాను. వాడు నిజంగానే కుర్చీలో కూర్చొని చాయ్ తెమ్మన్నాడు.

ఆ వారమే పక్క గుంత కట్ట తెగి నీళ్ళు ఈ గనిలో పడ్డవి. అందరూ ఎగబడి పైకి వచ్చినారు. వానలో మేస్త్రీ ప్రేమ్‌సాగర్ పాత అలవాటు కొద్దీ గట్టంతా కలయజూసినాడు. ఒక్క జోడూ లేదు. "అందరెక్కిండ్రు, పాండ్రి" అన్నాడు, అందరూ ఇండ్లకు పోయినారు. మా వాడు బూట్లతో దిగినాడు గనుక గట్టు మీద విడవడానికి వాడి దగ్గర ఏమీ లేదు. ప్రేమ్‌సాగర్ మీద నాకు కోపం లేదు. నేనున్నా గట్టునే చూసేవాణ్ణి.

4. ఆ తర్వాత మేము పోయి అడిగితే గుత్తేదారు ఒకటే మాట: "మీ పిలగాడు ఆ దినం పనికే రాలే. వస్తే చెప్పులేవి మరి?" వాడు పంచిన బూట్ల సంగతి వాడికే గుర్తు లేదు. ఈతగాళ్ళు ఒక పూట దిగి, కింద బండలు కూలి ఉన్నవని ఎక్కి వచ్చినారు. గుత్తేదారు మోటార్లు విప్పుకొని వెళ్ళిపోయినాడు, ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. కాగితాల మీద మా సాకిబ్ ఎటో వెళ్ళిపోయిన మనిషి. వెళ్ళిపోయిన మనిషి కోసం తలుపు తీసి పెట్టుకుంటారు. పోయిన మనిషికి మట్టి ఇస్తారు. మేము తలుపు మూయనూ లేదు, మట్టి ఇవ్వనూ లేదు. ఇట్లా బతకడం ఎంత కష్టమో అర్జీ భాషలో వ్రాయుట నాకు చేతకాదు.

5. అప్పటినుండి నా భార్య రోజూ సాయంత్రం నా ఆటోలో వచ్చి ఒక జత చెప్పులు గట్టు మీద పెట్టుచున్నది. ఎందుకని నేను ఒకసారి మాత్రమే అడిగినాను. "ఏం జీ, లోపల మనిషున్నడని ఎవ్వలకన్న తెల్వొద్దా?" అన్నది. మళ్ళీ అడగలేదు. తమ యాత్ర మొదలైన నాటినుండి ఊడ్చేవారు ఆ చెప్పులను చెత్తలో వేయుచున్నారు. మొదట మా వాడి పాతవి పోయినవి. తర్వాత ఆమెవి. తర్వాత నావి ఒక జత. మిగిలిన నా రెండో జతే ఇప్పుడు గట్టు మీద ఉన్నది. ఈ అర్జీ పట్టుకొని నేను తమ ఆఫీసుకు పక్కింటాయన చెప్పులతో వచ్చుచున్నానని మనవి.

6. పోయిన ఆదివారం నేను కూడా టికెట్టు కొని తమ బస్సు ఎక్కినాను. గైడు కుమారస్వామి, బంట్వారం పిలగాడు, మాట మంచివాడు. పాత బస్తీలో మా గల్లీ గురించి కూడా బాగానే చెప్పినాడు. నీలి సరస్సు దగ్గర మైకు పట్టుకొని గొంతు తగ్గించినాడు.

"గీడ ఒక పిలగాని ఆత్మ తిరుగుతది. ఎన్నిసార్ల తీసేసినా పొద్దుగూకంగనే గీ చెప్పులు మల్ల వస్తయ్. ఎవ్వరు పెడ్తరో ఎవ్వలకు తెల్వది."

మోమిన్‌పేట నుండి వచ్చిన ఇంద్రమ్మ అనే పెద్దావిడ చెప్పులకు దండం పెట్టింది. కుర్రాళ్ళు సెల్ఫీ దిగినారు. నేను వెనకనుండి "తమ్మీ, గవి నా చెప్పులు" అన్నాను. బస్సు జనమంతా నవ్వినారు. కుమారస్వామి కూడా నవ్వినాడు.

అందరూ బస్సెక్కినంక వాడొక్కడే నా దగ్గరికి వచ్చినాడు. మొహంలో నవ్వు లేదు.

"చాచా, నిజంగ మీవేనా?"

"మా ఇంటామె పెడ్తది. మా వాడు గిందులనే ఉన్నడు."

వాడు మైకు తీసి సంచిలో పెట్టినాడు. "ఆత్మ కథ నేనే అల్లిన చాచా, మాఫ్ చెయ్యి. గాని ఒక్కటడుగుత. చాచీ తడి చెప్పులు పెడ్తదా?"

"పొడియే పెడ్తది. తడి ఎందుకు పెడ్తది?"

"నేను శనివారం పొద్దుగాల్ల వచ్చి చూస్త. గట్టు ఎండి ఉంటది. చెప్పులొక్కటే తడిసి ఉంటయ్. ఎవరో తొడుక్కొని నీళ్ళల్లకెంచి వచ్చినట్టు."

ఈ మాట నేను జహీరాబీకి చెప్పలేదు. చెబితే ఆమె ఇంటికి రాదు, గట్టు మీదే పడుకుంటుంది. నాకు మాత్రం ఆ రోజునుండి నిద్ర లేదు. ఆటో ఆపి ఎవరి కాళ్ళైనా తడిగా కనబడితే మొహం చూస్తున్నాను. నాకు భయం వేస్తున్నదనియు, భయం కన్నా ఆశ ఎక్కువ వేస్తున్నదనియు తమరికి మనవి చేసుకొనుచున్నాను.

7. కావున కోరునది: చెప్పులు ముట్టవద్దని ఊడ్చేవారికి చెప్పవలెను. గైడు కథ చెప్పదలిస్తే చెప్పవచ్చును, కాని ఆత్మ అనరాదు, సాకిబ్ అనవలెను. ముఖ్యముగా మోటార్లు పెట్టి నీళ్ళు తోడించవలెను. తోడితే సరస్సు ఉండదని, ఆదివారం బస్సుకు జనం రారని తమరు వెనకాడవచ్చును. బోర్డు మీద "మూడు" తుడిచి "రెండు" అని వ్రాసుకొనవచ్చును. మా ఇంట్లో కూడా అట్లే తుడుచుకున్నాము, పెద్ద పనేమీ కాదు.

ఈ అర్జీని తమరు కుర్చీలో కూర్చొని కాక, ఒక్కసారి ఆ గట్టు మీద నిలబడి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జమాల్,
సాకిబ్ తండ్రి

తా.క.: అర్జీ కవరులో పెట్టి అంటించబోతుండగా కుమారస్వామి ఫోను చేసినాడు. "చాచా, చెప్పుల్లేవు. బూట్లున్నయ్" అన్నాడు. నేనూ జహీరాబీ ఆటోలో ఉరికినాము. ఇది గట్టు మీద కూర్చొని వ్రాస్తున్నాను. కాగితం మోకాలి మీద ఉన్నందున అక్షరాలు సరిగా లేవు.

నా చెప్పులు పెట్టినచోట ఒక జత బూట్లున్నవి. మొనలు నీళ్ళవైపు ఉన్నవి. నీళ్ళు కారుతున్నవి. లోపలికి చేయి పెట్టి చూసినాను. ముందు భాగంలో ఓణీ ముక్క ఉంది. బురద కడిగితే ఆకుపచ్చ.

తాను పెట్టలేదని కుమారస్వామి వాళ్ళ అమ్మ మీద ఒట్టు వేసినాడు. జహీరాబీ ఏడవలేదు. బూట్ల పక్కన కూర్చొని ఎవరినీ తాకనివ్వడం లేదు. "గిప్పటికి తెలివొచ్చింది నా కొడుక్కు. విడిచి దిగాలె అని" అంటున్నది.

నా చెప్పులు ఎక్కడా కనబడలేదు. వాటి మీద ఇచ్చిన ఫిర్యాదు కొట్టివేయండి. వాడు తొడుక్కొని ఉంటే తొడుక్కోనివ్వండి.

చెప్పులేవి అని అడిగినారు గదా అందరూ. జోడు గట్టు మీద ఉంది సార్. మనిషి లోపల ఉన్నాడు. జర తొందరగా రండి.