ఆర్డిత్ ట్రాక్టర్ జోలికి వెళ్ళకు

వెర్లిన్,

గడ్డికోత ట్రాక్టర్ కింద బ్లేడ్లుండే డెక్కు నేనే విప్పాను, కంగారుపడకు. బ్లేడు తిరిగే ఇరుసు గూడు పగిలితే నువ్వు దానికి తీగ చుట్టడం నిన్న చూశాను. అది తెగితే నీ కాలు ఉండేదా? అలాంటి గూడు ఇప్పుడెవరూ తయారుచెయ్యడం లేదట. పగిలిన ముక్క పట్టుకుని, పాత ట్రాక్టర్లు విప్పి అమ్మేవాళ్ళ దగ్గరికి వెళుతున్నాను. వచ్చేసరికి సాయంత్రమవుతుంది. ఫ్రిజ్‌లో హ్యామ్ ఉంది, తిను.

ఆర్డిత్ ఇంటికి మాత్రం వెళ్ళకు. నువ్వూ లోవెల్ ఒకేలాంటి బళ్ళు కొని, ఎవరు ముందు పోతే వాళ్ళ బండి రెండోవాడికి విడిభాగాలకని నవ్వుతూ చేతులు కలిపారు, నిజమే. లోవెల్ పోయాడు గానీ ఆ బండి పోలేదు. ఆర్డిత్ మొగుడి టోపీ పెట్టుకుని దాని మీదే గడ్డి కోస్తోంది. అంత్యక్రియల తర్వాత నువ్వు ఆ గడప తొక్కలేదు. మొదటిసారి వెళ్ళేది పానాలు పట్టుకునా?

"మీ ఆయన వస్తాడటగా, కాఫీకా, డెక్కుకా?" అని నిన్న ఫోన్లో అడిగింది.

డెలోరిస్

ఇంకో మాట. నువ్వే ముందు పోయి, లోవెల్ వచ్చి అడిగినా, నేనూ ఇచ్చేదాన్ని కాదు.